స్వామివారి పాంకోళ్లు

మా స్వామి పుట్టింది మా వాడలోనే, ధర్మపురి దగ్గరి పల్లెలో. ఊరందరికీ చెప్పులు కుట్టేది మావాళ్లే. దొర ఉండే గడి వీధిలోకి వస్తే మాత్రం సొంత చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవాల్సిందీ మావాళ్లే. ఆయన పెద్దయ్యాక కాషాయం కట్టి, కర్ర పాంకోళ్లు తొడిగి, శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీల్లో భజనలు పెట్టించాడు. గనిలో పనిచేసే మా బాపు ఆయనకు శిష్యుడు. స్వామి ఇంటికొస్తే ఆ పాంకోళ్లు కడిగి, ఆ నీళ్లు తీర్థమని మా అందరి చేతుల్లో పోసేవాడు. నేను గట్టిగా కళ్లు మూసుకునేదాన్ని. అయినా తాగేదాన్ని, స్వామి చెప్పే ఒక్క మాట కోసం.

"దేవుని గుడి ముందట తప్ప ఎవ్వని ముందట చెప్పులు ఇడువకుండ్రి" అనేవాడు ప్రతి భజన చివరా.

ఆ మాట మీదే ఎన్నికల్లో నిలబడ్డాడు. ప్రచారం గడి వీధి నుంచే మొదలుపెడతానన్నాడు. బాపు డ్యూటీ ఎగ్గొట్టి, కొత్త చెప్పులు కొనుక్కుని మరీ బయల్దేరాడు. కాలేజీ మానేసి నేనూ వెంటపడ్డాను.

డప్పులతో గడి మలుపు దాకా హుషారుగా వచ్చాం. దొర అరుగు మీద నిలబడి ఉన్నాడు. ముందు నడుస్తున్న స్వామి ఆగాడు, వంగాడు, పాంకోళ్లు తీసి చేత పట్టుకున్నాడు. కావాలని చేశాడని ఇప్పటికీ అనుకోను. చిన్నప్పటి అలవాటు కాళ్లలో ఉండిపోయిందంతే. డప్పు ఆగిపోయింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దొర నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

"అయ్యో స్వామీ, గవి చేతుల పట్టుకున్నవేంది? కాళ్లకేసుకో. నేను చెప్తున్న గద."

"మంచిది దొరా" అని స్వామి వేసుకున్నాడు. విప్పినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ కడుపు మండింది.

తర్వాత ఆయన గెలిచాడు, కారెక్కాడు, అది వేరే సంగతి. డప్పు మళ్లీ మోగి జనం కదిలాక, ఆ ఉక్రోషం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక బాపు వైపు తిరిగాను. కొత్త చెప్పులు ఆయన సంకలో ఉన్నాయి.

"నువ్వెప్పుడు ఇడిసినవ్ బాపూ?"

"నీయి ఏడున్నయి బిడ్డా?" అన్నాడు బాపు మెల్లగా.

నావి నా చేతిలో ఉన్నాయి. దొర మమ్మల్ని వేసుకొమ్మని చెప్పలేదు. వీధి దాటేదాకా మేం వేసుకోలేదు.