పెద్దమ్మ తిరిగిచ్చిన డబ్బాలు

ఉద్యోగం కొత్తగా దొరికిన రోజుల్లో లోకాన్ని బాగుచేసే పని తన నెత్తినే పడిందనిపిస్తుంది ఎవరికైనా. నాకు మరీ ఎక్కువ. నంద్యాలలో పాత ఇనుమూ రేకులూ కొనే భాయ్ గుజిరీ అంగట్లో చేరిన కొత్తలో, తాగి పారేసిన కూల్‌డ్రింకు, బీరు డబ్బాలు కాలవల పాలు కాకుండా కరిగించే ఫ్యాక్టరీకి చేరాలని ఆళ్లగడ్డలో అంగళ్ల ముందర వల సంచులు కట్టించాను (ఆలోచన నాదే, ఆ సంగతి కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను). మొదట్లో బాగానే నిండాయి. మొక్కజొన్న కంకి పట్టే కాలానికి ఎప్పుడు చూసినా ఖాళీ. "ఈసారి డబ్బాలు రాకుంటే నువ్వు గూడా రావాకప్పా," అన్నాడు భాయ్. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతం మీదే.

దొంగను పట్టుకుందామని అంగళ్లలో అడిగితే, "ఎవరో పెద్దామె రుద్రవరం ఆటోలో వస్తాది. మా పిల్లోనివేలే అని మూట గట్టుకపోతాది," అన్నారు. రుద్రవరం దిక్కున నాకున్నది ఒకే ఒక్క పెద్దమ్మ. పరుగున పోయాను. ఆమె మొక్కజొన్న చేను చుట్టూ తీగ, తీగ పొడవునా నా డబ్బాలు, గాలికి గలగలా మోగుతున్నాయి.

"ఏంది పెద్దమ్మా ఇది? నా ఉద్యోగం పోతాది!" అని అరిచాను.

"అరుస్తావేందిరా? అడవిపందులు చేనంతా తొక్కుతాండాయి. ఈ సప్పుడుకే గదా అవి రాకుండా ఉండేది. మా పిల్లోనివే గదా అని తెచ్చుకుంటి. కావల్లంటే కోసుకపో."

జేబులో వల సంచుల తాళ్లు కోసే కత్తెర ఉంది. ఏడాది పొడుగునా ఆమె తిండి ఆ చేనే. తీగ దాకా పోయి, చేతులు రాక తిరిగొచ్చాను (ఆమె పెట్టిన జొన్నరొట్టె మాత్రం వదల్లేదు, కోపం దోవ కోపానిది, ఆకలి దోవ ఆకలిది). భాయ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, "కోత అయినాంక తేకపోతే అప్పుడుంది నీకు," అన్నాడు. నా ఉద్యోగం పెద్దమ్మ చేతిలో పడింది.

కోత అయింది. పెద్దమ్మ ఆటో నిండా సంచులతో నంద్యాలలో దిగింది. డబ్బాలన్నీ చింతపండు పెట్టి తోమి తళతళలాడించింది. పైగా ప్రతి డబ్బాలో పిడికెడు మొక్కజొన్న గింజలు, మూతికి గుడ్డపేలిక. భాయ్ తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది? కరిగిచ్చే సరుకు!"

"కరిగిచ్చుకో భాయ్, ఎవరొద్దన్యారు? ఒకరింటి గిన్నె తెచ్చుకున్నాంక ఉత్తది ఎట్లిస్తాం?"

ఆ పూటంతా భాయూ నేనూ గొణుక్కుంటూ డబ్బాలు బోర్లించి గింజలు రాల్చాం. నా ఉద్యోగం నిలిచింది. మరుసటేడు భాయ్ తనే పెద్దమ్మ ఊరికి డబ్బాలు పంపాడు, కోత కాగానే తిరిగి రావాలన్న షరతు మీద. ఇంకెవ్వరి దగ్గర్నుంచీ సరుకు అంత పదిలంగా రాలేదు.

ఇప్పుడు ఊరూరా తిరిగి, డబ్బా కరిగి మళ్లీ డబ్బా ఎలా అవుతుందో చెప్పడమే నా పని. పెద్దమ్మ పోయింది. ఊళ్లలో పోగైన డబ్బాలు లారీకి ఎత్తే ముందు ఎవరూ చూడకుండా ఒకటి తీసి చెవి దగ్గర ఆడిస్తాను. ఉత్తదే. ఆ పూట గింజలు రాలుస్తూ విసుక్కున్న కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పెద్దమ్మ కోసం బెంగగానూ ఉంటుంది.