అంబటాల్ల బస్సు

వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో నేను బ్లాగు మొదలుపెట్టాను. అప్పటికి వనపర్తి ఇంకా జిల్లా కాలేదు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. కాలేజీ అయిపోయాక బస్టాండు దగ్గరి సందులో ఉన్న నెట్ సెంటర్‌కు పోయి, ఫ్యాను కింద కుర్చీ దొరికితే అక్కడ, లేకుంటే గోడ వారకు కూర్చుని రాసేవాణ్ణి. అక్కడి కంప్యూటర్లలో సగానికి తెలుగు రాదు. అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలు కనిపించేవి. తెలుగు కనిపించే కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చుని సినిమా పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటుంటే, లేచేదాకా వాళ్ల వెనక నిలబడేవాణ్ణి.

నేను రాసేది మా వైపు మాటల గురించి. మా అమ్మది గద్వాల దాటినాక, కర్ణాటకకు దగ్గర పల్లె. ఆమె వాడే మాటలు పుస్తకాల్లో కనిపించవు. అవి పోతాయేమోనని నాకు బెంగ. పొద్దుకు సంబంధించిన మాటల మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. తెల్లవారుతుంటే ఎగిలివారంగ అంటారు. పొద్దున అంబలి తాగే వేళను అంబటాల్ల అంటారు. గడియారం చూడకుండా పొద్దును మనుషులు ఎట్లా పంచుకున్నారో రాశాను. నా మట్టుకు నాకు అది బాగా కుదిరిందనిపించింది. వారం గడిచాక చూస్తే ఒక్కటే కామెంటు. అది కూడా మా బావమరిది పెట్టింది. "బాగుంది బావా. కానీ ఎవరికీ దొరకదు."

అతను నా భార్యకు తమ్ముడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లో ఉండడానికి వచ్చాడు. వచ్చిన మరునాడే నాతోపాటు నెట్ సెంటర్‌కు బయలుదేరాడు.

"బావా, టైటిల్ ఇంగ్లీషు అక్షరాలల్ల పెట్టాలె. తెలుగుల టైపు జేసి ఎవడు వెతుకుతడు?"

"తెలుగు మాటల గురించి రాస్తుంటే ఇంగ్లీషుల టైటిల్ ఏందిరా?"

"సెర్చ్ ఇంజన్‌కు నీ బాధ తెల్వదు బావా. దానికి కీవర్డ్ ఒక్కటే తెల్సు. మొదటి లైన్ల ఉండాలె, నడుమ ఉండాలె, ఆఖర్ల ఉండాలె. లావు అక్షరాలల్ల ఉండాలె."

అని ఊరుకోలేదు. నా చేతిలోంచి మౌస్ తీసుకుని, నేను అన్ని సాయంత్రాలు కూర్చుని రాసిన వ్యాసం చివర వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అని, మళ్లీ వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అని పేజీ నిండేదాకా పేర్చాడు. చదివేవాళ్లకు కనబడకుండా ఆ అక్షరాలకు తెల్ల రంగు వేశాడు. "ఇది మనుషులకు గాదు, మిషన్‌కు" అన్నాడు. పక్కన నా సెల్ నంబర్ కూడా పెట్టాడు. నంబర్ ఉంటే నమ్మకం కుదురుతుందట, ర్యాంకు పెరుగుతుందట. నాకు కోపం వచ్చింది. కానీ చెప్పొద్దూ, నా రాతలు నలుగురు చదివితే బాగుండునని నాకూ ఉండింది.

నిజంగానే మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఏం వెతుక్కుంటూ వచ్చారో చూపించే కౌంటర్ ఒకటి అతను బిగించాడు. ఒకరోజు ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. దాదాపు అందరూ ఒకటే వెతికారు. వనపర్తి బస్ టైమింగ్స్. గద్వాల బస్ టైమింగ్స్. నా వ్యాసంలో ఎక్కడో ఒక వాక్యం ఉంది, మా మేనత్త అంబటాల్ల బస్సుకు దిగేదని. ఆ బస్సు, ఈ ఊర్ల పేర్లు కలిసి జనాన్ని నా దగ్గరికి తోలుతున్నాయి. వాళ్లు వచ్చి, మా మేనత్తను చూసి, క్షణంలో వెళ్లిపోతున్నారు.

నేను నెత్తి పట్టుకున్నాను. మా బావమరిది మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"గింతకంటె ఏం గావాలె బావా! వాళ్లు అడిగేది ఇయ్యి. బస్సుల పేజీ ఒకటి పెట్టు. దానికోసం వచ్చినోళ్లు పక్కన నీ మాటలు గూడ సదువుతరు."

నమ్మాను. ఆదివారం పొద్దున కాగితం, పెన్ను పట్టుకుని బస్టాండుకు పోయాను. ఎంక్వయిరీ కిటికీ వెనక ఉన్నాయన నన్ను అనుమానంగా చూశాడు.

"ఎందుకు సార్ మీకు అన్ని బస్సులు?"

"ఇంటర్‌నెట్ల పెడ్త."

"బోర్డు మీద రాసే ఉన్నది గద."

"బోర్డు ఇంటర్‌నెట్ల లేదు గద."

ఆయన కాసేపు ఆలోచించి, నాలో ప్రమాదమేమీ లేదని తేల్చుకుని, వరసగా చెప్పుకుంటూ పోయాడు. గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ పోయేవి, పెబ్బేరు మీదుగా గద్వాల పోయేవి, అటునుంచి వచ్చేవి, హైదరాబాద్ పోయేవి. అన్నీ రాసుకుని పేజీ పెట్టాను. పక్కనే, కనబడేటట్టు, మాటల వ్యాసాలకు లింకు పెట్టి తొవ్వ చూపించాను.

బస్సుల పేజీ పచ్చగా పెరిగింది. మాటల వైపు ఒక్కడూ తిరిగి చూడలేదు.

తర్వాత ఫోన్లు మొదలైనయి. క్లాసులో త్రికోణమితి చెబుతుంటే జేబులో ఫోన్ వణికేది. "సార్, గద్వాల బస్సు పోయిందా?" "సార్, నా సంచి బస్సుల మర్చిపోయిన, జర డ్రైవర్‌కు చెప్పున్రి." "సార్, మన్ననూర్ కాడ అడవి గేటు ఎన్నింటికి బంద్ జేస్తరు? మేం శ్రీశైలం పోవాలె." మొదట్లో మర్యాదగా, నేను బస్టాండు మనిషిని కాను అని చెప్పేవాణ్ణి. "మరి నంబర్ ఎందుకు పెట్టిన్రు?" అని వాళ్లు అడిగేవాళ్లు. నంబర్ తీసేయరా అంటే బావమరిది వినడు. "ర్యాంకు పడిపోతది బావా."

ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ మా ఆవిడ ఎత్తేది. మొదటి వారం "ఇది బస్టాండు గాదు" అని కసిరి పెట్టేసేది. తర్వాత తర్వాత ఆమెకే అన్ని టైములు నోటికి వచ్చేసినయి. కూర కలుపుతూ, ఫోన్ భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని, "నాగర్‌కర్నూల్‌కా? ఇప్పుడొకటి పోయింది అన్నా, ఇగ ఇంకోటి పగటన్నం తిన్నంకనే" అని చెబుతుంటే విని నేను బిత్తరపోయాను.

"నువ్వు గూడ మొదలుపెట్టినవా?"

"మీరు చెప్పరు, పాపం వాళ్లెట్ల పోవాలె? అయినా పెట్టింది మీరా, నేనా?"

గద్వాల పక్కన మల్దకల్ జాతర వచ్చింది. జాతరకని బస్సులను స్పెషల్స్ కింద అటు తిప్పారు. నా పేజీలో ఉన్న గద్వాల బస్సు ఆ నాలుగు రోజులూ లేదు. నాకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? మధ్యాహ్నం స్టాఫ్ రూంలో అన్నం డబ్బా విప్పుతుంటే ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. మడత నలగని తెల్ల బట్టలు, నుదుట చెమట.

"బస్సుల సారు మీరేనా?"

అందరూ నా వైపు చూశారు.

"బిడ్డకు సంబంధం మాట్లాడనీకె గద్వాలకు పోతున్నం. ఇంటిల్లిపాది వచ్చి బస్టాండుల నిలబడ్డం. మా తమ్ముని కొడుకు ఇంటర్‌నెట్ల మీది చూసి చెప్పిండు, ఈ టైముకు బస్సు ఉన్నదని. ఎంక్వయిరీల అడిగితే మీ కాలేజి చూపిచ్చిన్రు. అక్కడ అవతలోళ్లు వంట జేసుకోని కూసున్నరు. ఏం సార్, తెల్వనప్పుడు ఎందుకు రాసుడు?"

నాది తప్పని గానీ కాదని గానీ చెప్పనివ్వలేదు. ఆయన కోపం న్యాయమే. కానీ నేనేం చేయను? లేచి, ఆయనతోపాటు బయటికి నడిచి, రోడ్డు మీద తెలిసిన జీపు మనిషిని పట్టుకుని వాళ్లందరినీ ఎక్కించి పంపాను. తిరిగి వచ్చేసరికి ప్రిన్సిపాల్ నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. "లెక్కలు ఎట్ల నడుస్తున్నయ్ సార్?" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రానికి పిల్లల్లో నా పేరు బస్సు సార్ అయిపోయింది. పన్నెండేళ్లుగా పాఠం చెబుతూ సంపాదించుకోని పేరు ఒక్క పూటలో వచ్చింది.

కోపంతో నెట్ సెంటర్‌కు పోయి ఆ పేజీ తీసి పారేశాను. మరునాడు ఫోన్లు రెండింతలయినయి. "సార్, మీ పేజీ కనబడ్తలేదు. బస్సులు బంద్ జేసిన్రా?" బస్సులను నేనే ఆపేసినట్టు! బావమరిది అయితే అన్నం తినకుండా లేచిపోయాడు. అంత ర్యాంకు సంపాదించి చేతులారా చెరుపుకుంటారా అని వాళ్లక్కతో మొత్తుకున్నాడు. మూడో రోజు పేజీ మళ్లీ పెట్టాను.

అట్లా విసిగి వేసారి ఉన్న ఒక పొద్దున, కాలేజీకి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. ముసలామె గొంతు. కాయిన్ బాక్సు నుంచి చేస్తున్నట్టుంది, వెనక ఎవరో తొందరపెడుతున్నారు.

"బస్సులు జెప్పే సారు నువ్వేనా నాయనా?"

"చెప్పమ్మా" అన్నాను, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మల్దకల్ కాడినుంచి మాట్లాడుతున్న. వనపర్తి దవాఖానకు రావాలె. గద్వాలల అంబటాల్ల బస్సు ఉన్నదా?"

"ఏ టైముకమ్మా?"

"అంబటాల్ల అంటున్న గద. నాకు గంటలు తెల్వయి."

ఆ మాట మీద అంత రాసిన మనిషిని నేను. అది మాయమైపోతున్నదని బాధపడుతూ రాసిన మనిషిని. ఒక మనిషి దాన్ని నోరారా అంటే, విసుగ్గా, ఏ టైముకు అని అడిగాను.

"ఉన్నదమ్మా. ఎగిలివారంగ ఒకటి ఉన్నది, అంబటాల్ల ఒకటి ఉన్నది. పొద్దు గూకకముందు తిరిగిపోయేటిది గూడ ఉన్నది" అన్నాను.

"గట్ల జెప్పు మరి" అని ఆమె పెట్టేసింది.

ఆ సాయంత్రం బస్సుల పేజీ తెరిచి, ప్రతి టైము పక్కన మా వైపు మాట చేర్చాను. తొలి బస్సు పక్కన ఎగిలివారంగ అని. తర్వాతి దాని పక్కన అంబటాల్ల అని. మాట కింద రెండు వాక్యాల వివరం కూడా రాశాను. బావమరిది చూసి తల కొట్టుకున్నాడు. "ఈ మాటలు ఎవరూ వెతకరు బావా. పేజీ బరువైతది, కీవర్డ్ పలచబడ్తది."

కానీ బస్సు కోసం వచ్చినవాళ్లు ఆగడం మొదలుపెట్టారు. ఆగి, నాతో కొట్లాట పెట్టుకున్నారు. గద్వాల వైపు ఒకాయన, దుబాయిలో పనిచేస్తాడట, "అంబటాల్ల అంటే మీరు రాసినంత పొద్దున గాదు సార్, ఎండ కొంచెం ఎక్కినంక" అని రాశాడు. నాగర్‌కర్నూల్ ఆమె, టీచరు, "మా దగ్గర చేన్ల పనికి పోకముందే అంబటాల్ల, ఎండెక్కినంక తాగితే అది అంబలి ఎట్లయితది?" అని దెబ్బలాడింది. ఒకాయన వాళ్ల నాయనమ్మ పలికే తీరును ఇంగ్లీషు అక్షరాల్లో కష్టపడి రాసి, నేను రాసిన దీర్ఘం తప్పని తేల్చాడు. వనపర్తి కోట దగ్గర కుట్టుమిషన్ దుకాణం నడిపే ముస్లిం యువకుడు ఒకడు, వాళ్ల ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూనే అంబటాల్ల అంటారని రాసి, దాన్ని ఉర్దూ మాటగా కూడా లెక్కపెట్టమన్నాడు.

ఇదంతా నడుస్తుండగా ఒక పొద్దున బావమరిది పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాడు. సెర్చ్ ఇంజన్‌లో మా పేజీ లేదు. మొదటి పేజీలో లేదు, పదో పేజీలో లేదు, ఎక్కడా లేదు. తెల్ల రంగులో పేర్చిన ఊర్ల పేర్లు దానికి దొరికిపోయినట్టున్నాయి. అట్లా దొంగతనంగా మాటలు కుక్కితే బ్లాగు మొత్తాన్నే వెలి వేస్తుందని అతనే చదివి వచ్చి చెప్పాడు. అతని మొహం చూస్తే జాలేసింది. తిట్టాలని ఎంతో ఉన్నా తిట్టలేకపోయాను. ఇద్దరం కూర్చుని తెల్ల మాటలన్నీ ఏరి తీసేశాం. పేజీ తిరిగి పైకి రాలేదు. నెల తిరిగేలోపు అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఎవరి సైట్లనో పైకి తెచ్చే పనే.

ఫోన్లు తగ్గిపోయినయి. మా ఆవిడ ఒకరోజు ఫోన్ చేతిలో పట్టుకుని, "పని జేస్తున్నదా ఇది?" అని అడిగింది. నాకు హాయిగా ఉండాల్సింది. కొంచెం వెలితిగా కూడా ఉండిందని ఒప్పుకుంటాను.

కొట్లాడేవాళ్లు మాత్రం పోలేదు. వాళ్లకు సెర్చ్ ఇంజన్‌తో పని లేదు, తొవ్వ తెలుసు. దుబాయి ఆయన, నాగర్‌కర్నూల్ టీచరమ్మ ఆ ఒక్క మాట మీదే నెలల తరబడి వాదించుకుని, చివరికి తీర్పు చెప్పమని నా మీద పడ్డారు. రెండు వైపులా సరైనదే, ఊరిని బట్టి మారుతుంది అని రాశాను. ఇద్దరికీ కోపం వచ్చింది. "గోడ మీద కూసున్నరు సార్" అని ఆమె రాసింది. ఆయన వారం రోజుల తర్వాత వచ్చి, వాళ్ల అమ్మకు ఫోన్ చేసి అడిగానని, ఆమె కూడా టీచరమ్మ చెప్పినట్టే చెప్పిందని, అయినా తను ఒప్పుకోనని రాశాడు.