నాలుగు రాగి వాషర్లు

నేను కొన్న పాత డీజిల్ కారులో కాలిన నూనె వాసన వస్తోందని మా ఆయన మొదటి వారంలోనే అన్నారు. నాకేమీ రావడం లేదన్నాను. ఎనిమిది నెలల పాటు అదే మాట మీద నిలబడ్డాను. నాది ఉడుంపట్టని మా ఇంటాబయటా అందరికీ తెలుసు.

తొంభైల చివర, హఫీజ్‌పేట్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన గవర్నమెంటు ఆఫీసుకు బస్సులో వెళ్లేవారు. నా ఉద్యోగం మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా కంగారు పడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడం, దిద్దాక మొత్తాలు సరిపోయాయో లేదో చూడడం నా పని. మా పాపకు ఏడేళ్లు. దానికి ఉబ్బసం. రోడ్డు మీద పొగ తగలకుండా బడికి వెళుతుందనే నా జీతంతో ఆ కారు కొన్నాను. నా సొంతమని చెప్పుకోదగ్గ మొదటి వస్తువు అదే.

పాప బడి దగ్గర దిగాక దగ్గేది. రాను రాను ఊపిరిలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. కారులో పొగ వాసనేమైనా వస్తోందా అని డాక్టరు అడిగారు. ఆ సాయంత్రం మా ఆయన నెమ్మదిగా, ఆదివారం చీకటిపడేలోగా వాసన పోకపోతే కారు అమ్మేద్దామన్నారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నే. కోప్పడలేదు, అదే నా నోరు మూయించింది.

ఆదివారం పొద్దున్నే మియాపూర్ దారిలో ఒక రేకుల షెడ్డుకు బండి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అంటారు. యాభై దాటిన మనిషి. బండి వదిలి సాయంత్రం రమ్మన్నాడు. ఇక్కడే ఉండి చూస్తానన్నాను. నన్ను ఎగాదిగా చూసి ఒక స్టూలు ముందుకు తోశాడు.

బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన వేలితో రాసి, వాసన చూసి, బండికి రెండు జబ్బులున్నాయని తేల్చాడు. ఇంజన్ నెత్తిన మూతలా ఉండే టాపెట్ కవర్ కింద ప్యాకింగ్ ఎండిపోయింది. అక్కడి నుంచి నూనె జారి వేడి పొగగొట్టం మీద పడి కాలుతోంది. రెండోది, డీజిల్ చిమ్మే నాజిళ్ల కింద రాగి వాషర్లు అరిగి లోపలి గ్యాసు పైకి తన్నుతోంది. రెండూ కలిసి అద్దం ముందున్న జాలీ గుండా మనం కూర్చునే చోటికి వస్తున్నాయి. అన్నాళ్లూ ఆ జాలీని అలంకారం అనుకున్నాను! అక్కడి నుంచి కారు గాలి పీల్చుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత నా నోరు ఆగలేదు. ఇదేంటి, అదెందుకు, ఇది ఊడితే ఏమవుతుంది అని చంపుకు తిన్నాను.

అతనికొక పద్ధతి ఉంది. నేల మీద పాత ఉర్దూ పేపరు పరిచి, ఊడదీసిన ప్రతి సామాను ఇంజన్‌లో ఏ వరసలో ఉందో ఆ వరసలోనే దాని మీద పెడతాడు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నాజిళ్లు నాలుగూ అలాగే పెట్టి, కొత్త ప్యాకింగ్, వాషర్ల కోసం పక్క దుకాణానికి వెళ్లాడు. నేను ఊరుకోవచ్చుగా? నాజిళ్ల మూతులకు అంటుకున్న పాత వాషర్లు ఎలా ఉంటాయో చూడాలనిపించింది. ఏది ఏ నాజిల్‌దో చూసుకోకుండా వాటిని లాగి, కిరసనాయిలులో కడిగి, టీ సాసర్లో పెట్టాను. కిందటి మెకానిక్ వేసినవి ఇంత మసిపట్టాయా అని ముచ్చటపడి చూశాను కూడా. అతను వచ్చి పాతవన్నీ వచ్చాయా అని అడిగాడు. నాలుగూ వచ్చాయండీ, శుభ్రం కూడా చేశానన్నాను.

కొత్త వాషర్లను స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. కొత్తవాటిని కాల్చడమెందుకని అడిగాను.

“రాగి గిట్ల జేస్తె మెత్తగైతది మేడమ్. మెత్తగుంటెనే గ్యాసును ఆపుతది.”

ఇనుము ఇలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఇంత చదువు చదివి ఈ ముక్క తెలియదే అని నా మీద నాకే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి అన్నీ బిగించి, పైపుల్లో గాలి తీసి, బండి స్టార్ట్ చేశాడు. ఇంజన్ ఊగిపోయింది. చుఫ్ చుఫ్ మని ఒకటే చప్పుడు. వాసన మునుపటికి రెట్టింపు. ఇంకో మూడు గంటల్లో చీకటి పడుతుంది. పాపను ఇందులో ఎలా ఎక్కించను?

“ఎనిమిది నెలలు నడిచిన బండిని ఒక్క పూటలో పాడుచేశారు. చేతకాకపోతే ముందే చెప్పాల్సింది,” అన్నాను.

పొద్దుట్నుంచి నా ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చిన మనిషి ఈసారి ఇంజన్ మీదికి వంగాడు. నాజిళ్ల మొదట్లో ఒక్కో చుక్క డీజిల్ వేసి చూశాడు. మూడో దాని దగ్గర గ్యాసు తన్ని బుడగలు వచ్చాయి. బండి ఆపి, ఆ నాజిల్ ఊడదీసి, నా సాసర్ తెమ్మన్నాడు. పాత వాషర్లను అరచేతిలో తిరగేశాడు. కిరసనాయిలుకు వదలని మసి వాటిలో రెండింటికి ఒక పక్కే ఉంది. రెండో పక్క మెరుస్తోంది. మెరిసే పక్కలు ఒకదానికొకటి ఆనించి నాకు చూపించాడు.

“ఇవి రెండు ఒక్కటే నాజిల్‌వి. మూడో దాని పాతది లోపల్నే ఉన్నది.”

లెక్క నాలుగే కదా అనబోయి ఆగిపోయాను. ఒక నాజిల్‌కు రెండు, ఒకదానికి సున్నా. మొత్తం నాలుగే. మొత్తం సరిపోయింది కదా అని ఒక్కో వరసా చూడనివాళ్లను ఆఫీసులో నేను ఎన్నిసార్లు దులిపేశానో! పేపరు మీద ఉంచి ఉంటే అతను చూడగానే పట్టేసేవాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

“తప్పు నాదండీ. నేనే పేపరు మీద నుంచి తీశాను. మిమ్మల్ని అనరాని మాట అన్నాను.”

“నేను గూడ లోపల జూడకుంటనే బిగించిన గద. సగం నాది,” అన్నాడు.

సైకిల్ పుల్ల కొస వంచి ఆ రంధ్రంలోకి దింపాడు. నేను టార్చి పట్టుకున్నాను. మూడుసార్లు జారిపోయి, నాలుగోసారి నల్లబడిన రాగి వాషర్ పైకొచ్చింది. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ కుదురుగా తిరిగింది. అలా అరగంట నడవనిచ్చి, పొగగొట్టం మీద మిగిలిన నూనె మొత్తం కాలిపోయాక, జాలీ దగ్గర మొహం పెట్టి గట్టిగా పీల్చాను. మామూలు గాలే.

పొద్దు వాలకముందే ఇంటికెళ్లి మా ఆయన్నీ పాపనీ వెనక కూర్చోబెట్టి, కిటికీలన్నీ మూసి, మియాపూర్ డిపో దాకా నడిపాను. వాళ్లిద్దరిలో ఎవరూ దగ్గలేదు. రోడ్డు పక్కన ఆపాను. వాసన పోయిందన్నారు మా ఆయన. సంతోషపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

“నాకు మొదటి రోజు నుంచీ వస్తూనే ఉందండీ. కారు పోతుందని రావడం లేదన్నాను.”

ఆయన ఏమనేవారో తెలియదు. పాప ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది.

“నాకూ వచ్చేది అమ్మా. నీకు కారంటే ఇష్టం కదా. అందుకే దిగేదాకా దగ్గు ఆపుకునేదాన్ని.”

అక్కడి నుంచి ఇంటికి మా ఆయనే నడిపారు. నేను వెనక్కి వెళ్లి పాప పక్కన కూర్చున్నాను.