మూడో కన్నం

జూనియర్ ఆర్టిస్టు బాలమణి ఏ గోడనైనా ముందు తట్టి చూస్తుంది. ముప్పయ్యేళ్లుగా సెట్లలో అట్టగోడలూ, వెనక గది లేని తలుపులూ చూసి చూసి పట్టుకున్న అలవాటు. కృష్ణానగర్‌లో తానుండే పాత ఇంట్లోనైతే ఫ్రిజ్‌ను ముందు అరచేతి వెనకవైపుతో తాకి, జివ్వుమనకపోతేనే తెరుస్తుంది. ఆ ఇంటి ఓనర్ వెంకటరత్నం మొన్న మూడు కన్నాల కొత్త సాకెట్లు పెట్టించాడు. "ఎర్త్ వైరు కూడా వేయించానమ్మా, ఇంక షాక్ భయం లేదు," అన్నాడు వంటగదిలో నిలబడి. బాలమణి సాకెట్ వంక చూడలేదు, ఆయన కాళ్ల వంక చూసింది. ఎప్పుడూ గడప బయటే చెప్పులు విడిచే మనిషి ఇవాళ రబ్బరు చెప్పులతోనే లోపలికొచ్చాడు.

"జర చెప్పులిడ్సి ఫ్రిజ్ తెర్వుండ్రి సార్."

ఆయన ఫ్రిజ్ దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఆ మూడో కన్నానికి వైరు ఎప్పుడు లాగుతావ్?"