ముత్తమ్మ మేడం ఎత్తిన ఫోన్లు

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఆఫీసు. అక్కడి సీనియర్ అకౌంటెంట్ ముత్తమ్మకు ఒకటే పిచ్చి: భోజనం వేళ పక్కవాళ్ల ఫోన్లు ఎత్తడం. తన ఫోను మాత్రం మోగి మోగి సొమ్మసిల్లినా ముట్టుకోదు.

ఈ సంగతి సరితకు ఉద్యోగంలో చేరిన రోజే తెలిసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో ఫోను మోగింది. ఆమె చేయి చాపేలోపే అది ముత్తమ్మ చెవి దగ్గరుంది.

“ఎవరయ్యా? దోశ పిండా? ఫ్రిజ్జుల ఉంటది. ఫ్రిజ్జు వంటింట్ల ఉంటది. వంటిల్లు మీ ఇంట్లనే ఉంటది. జర లేచి నడువు!”

కట్ చేసేసింది.

సరిత ముద్ద గబుక్కున మింగింది. “మేడం... ఆయన మా ఆయన!”

“మా ఆయనైతే గింత మర్యాదగ మాట్లాడుతనా? తిను.”

ఎదురుగా కూర్చున్న భాగ్యశ్రీ నవ్వాపుకుంటూ పచ్చడి జరిపింది. “పరేషాన్ గాకు. మొన్న మా ఓనర్ సారుకే, ‘మిల్లు అంటుకున్నదా సారూ? అంటుకోకుంటే రెండింటికి చెయ్’ అన్నది!”

సరిత మొగుడు మురళీధర్ వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మనిషి, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు. మర్నాడు పొద్దున్నే తేల్చేశాడు. “ఆమె ఉన్న ఆఫీసుల నీ నౌకరీ ఖతం. నెలాఖరుకు మానేయ్.”

సరితకేమో ఆఫీసు కుర్చీలో కూర్చుంటేనే ఊపిరాడుతుంది. ఇంటికి పోతే నిద్ర పట్టదు. ఫోను మోగితే గుండె దడదడలాడుతుంది. వారం తిరక్కుండానే ముత్తమ్మ కనిపెట్టేసింది.

“నాకూ గట్లనే ఉండె. సూర్యాపేటల మనసు డాక్టరుకు సూపించుకున్న. గోళీలు ఇప్పటికీ మింగుతున్న. ఐతారం నిన్ను తోల్కపోత.”

పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా, అందరికీ వినబడేట్టు చెప్పిందా మాట. ఆఫీసంతా నివ్వెరపోయింది. పెళ్లయిన ఆడదానికి మోకాళ్లు నొయ్యొచ్చుగానీ మనసు నొయ్యకూడదని కదా మన ఊళ్ల రాజ్యాంగం!

అంతకన్నా పెద్ద షాకు ఆ మర్నాడు తగిలింది. సరిగ్గా భోజనం వేళకు మురళీధర్ ఊడిపడ్డాడు. “ఎవరామె?”

సరిత సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది.

“నేనే. కూసో బిడ్డా,” అంటూ ముత్తమ్మ సరిత ఫోను అతని చేతిలో పెట్టింది. “ఇయ్యాల బువ్వ అయ్యేదాక నువ్వే ఎత్తు.”

ఫోను వెంటనే మోగింది. మురళీధర్ వాళ్లమ్మ: బీపీ గోళీలేవీ? వాళ్ల తమ్ముడు: నా తెల్లంగి ఉతికిందా వదిన? బడివాళ్లు: పిల్లకు జ్వరం, వచ్చి తీసుకుపోండి. గ్యాసాయన: తలుపు తీయండి. మళ్లీ వాళ్లమ్మ: గోళీలు దొరికినయ్, కండ్లద్దాలేవీ?

మురళీధర్ నుదుటికి చెమట పట్టింది. “రోజూ... గిట్లనేనా?”

“ఇయ్యాల నయం. నీ ఫోన్ రాలె!” అంది ముత్తమ్మ.

అతను జ్వరమొచ్చిన పిల్లను తీసుకురావడానికి లేచాడు. నెలాఖరు మాట మళ్లీ ఎత్తలేదు. ఆదివారం వాళ్లతో పాటు సూర్యాపేట బస్సు తనూ ఎక్కాడు.

సోమవారం ఒంటిగంటకు సరిత ఫోను మోగింది. అలవాటు ప్రకారం ముత్తమ్మే లాక్కుంది.

“మళ్ల పిండేనా?”

“మెల్లగ మేడం, సరితకు ఇనబడొద్దు, తిననీయండి,” అవతల మురళీధర్ గుసగుస. “మీరే జర చెప్పండి. పోపుల జీలకర్ర ముందా, ఆవాలు ముందా?”

“ఆవాలు ముందు బిడ్డా,” అంటూ ముత్తమ్మ గొంతు తగ్గించింది. ఇంకోళ్ల ఫోను ఎత్తి కట్ చేయకుండా, పోపు మాడేదాకా ఆమె మాట్లాడింది ఆరోజే మొదటిసారి.