మా బావకు యూనివర్సిటీ చూపించిన ఘనత

ఒక మనిషి పరువు ఒక్క పూటలో, అదీ కిరాయి కారులో తిరుగుతూ, ఎలా పోతుందో చెబుతాను. చదివి, తప్పెవరిదో మీరే తేల్చండి. మా ఇంట్లో అందరూ నాదే అంటున్నారు. నేను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటూ చరిత్రలో ఎంఏ ముగించాను. కొత్తగా కొమ్ములొచ్చిన పొట్టేలులా ఎదురైన వాళ్లందరినీ చరిత్రతో పొడుస్తున్న రోజులు. నేరేడుచర్లలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా అక్క భర్త లింగయ్య బావ నా పక్కన కూర్చున్నాడు. ఆయనది పాలకీడు. గొర్రెల మంద, కాస్త పొలం. సాగర్ దగ్గర అనుపులో ఉన్న ప్రాచీన విశ్వవిద్యాలయం గురించి నేను ఎత్తుకున్నాను.

"యూనివర్సిటీనా? గాడ నీకు ఎరుకేనా, బామ్మర్ది?" అన్నాడు బావ.

"గాడ నాకు తెల్వని రాయి లేదు బావా."

"అయితే మా బిడ్డ స్వప్నను తీస్కపోదామా? ఇంటర్ అయిపోయింది."

"తప్పకుండ. ఒక్కసారి చూస్తే పిల్ల జీవితమే మారిపోతది."

ఇందులో ఒక్క అబద్ధం ఉందా? 'ప్రాచీన' అన్న మాట నేను స్పష్టంగానే పలికాను. ఆ క్షణంలో బావ మటన్ బొక్క కొరుకుతుంటే అది నా తప్పా?

అనుకున్న రోజున బావ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో దిగాడు. స్వప్న చేతిలో ఒక ఫైలు, బావ చేతిలో ఒక సంచి. కారు హాలియా దాటగానే సంచి కూసింది.

"సంచిల ఏముంది బావా?"

"నాటుకోడి పుంజు. పెద్దసారుకు."

అక్కడ కాపలా చూసే ఆఫీసరుకు కాబోలు, ఊరి మర్యాద అనుకుని ముచ్చటపడ్డాను. నా బుర్ర వెలగాల్సింది అక్కడే. వెలగలేదు. ఎంఏలో ఫస్ట్ క్లాసు మరి.

అనుపులో దిగి మోకాలెత్తు ఇటుక గోడల మధ్య నిలబడి చెయ్యి చాపాను. "ఇదే బావా. ఇవి పిల్లలుండే గదులు. దూరదేశాల నుంచి వచ్చి చదువుకునేటోళ్లు."

బావ నలువైపులా చూశాడు. "సార్లేరి?"

"సచ్చిపోయి వెయ్యేండ్లు దాటింది."

"పిల్లలు?"

"వాళ్లు గూడ."

"ఆఫీసు ఏడుంది?"

"అసలు జాగ సాగర్ నీళ్లల్ల మునిగింది. ఇటుకలు, రాళ్లు తెచ్చి ఈడ మళ్ల పేర్చిండ్రు."

స్వప్న ఫైలు గుండెకు హత్తుకుంది. "మరి నా సీటు, మామా?"

అప్పుడు బయటపడింది సంగతి. పిల్లకు మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. చేరడానికి ఆ రోజే ఆఖరు. నేనున్నానన్న ధైర్యంతో బావ దాన్ని వద్దనుకున్నాడట.

"మునిగిన యూనివర్సిటీల నా బిడ్డను జేరుస్తవారా?" అన్నాడు బావ మెల్లగా. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

నాకూ ఒళ్లు మండింది. "జేరుస్తనని నేనన్ననా? ఒక్కమాట అడగాలె గదా."

"అడిగిన. జీవితమే మారిపోతదన్నవ్."

ఇక కారు మిర్యాలగూడ కాలేజీ వైపు వెనక్కి తిరిగింది. హాలియా సెంటర్లో గొర్రెల మంద రోడ్డంతా పరుచుకుంది. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ అలసిపోయాడు. బావ దిగి, నాలుక మడిచి ఏదో శబ్దం చేశాడు. మంద మొత్తం పక్కకు జరిగింది. నా చరిత్ర మొత్తం తిరగేసినా అక్కరకొచ్చే శబ్దం ఒక్కటీ లేదు.

మేం చేరేసరికి కాలేజీ క్లర్కు బీరువాకు తాళం వేస్తున్నాడు. "పొద్దుటి నుంచి ఏం చేశారమ్మా?" అని స్వప్న మీద విసుక్కున్నాడు.

"యూనివర్సిటీకి పోయొస్తున్నం సారూ," అన్నాడు బావ.

క్లర్కు మళ్లీ కూర్చున్నాడు. గొంతు మారింది. "ఓహో, అక్కడ సీటు దొరకలేదా?"

"దొరకకేం సారూ, గాడ అన్నీ ఖాళీనే. బిల్డింగుకు కప్పు లేదు. ఆడపిల్ల, వానకు తడుస్తదని మేమే వద్దనుకున్నం."

క్లర్కు తల పంకిస్తూ తాళం తీశాడు. స్వప్న చేరిపోయింది. ముందుచూపున్న తండ్రి అని బావకు పేరొచ్చింది. పిల్లను ముంచబోయిన మామ అని నాకొచ్చింది. న్యాయమేనా?

అందుకే నా ఎంఏ పట్టా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికి ఏ విద్యాలయం గురించి చెప్పినా, అక్కడి సార్లు బతికున్నారో లేదో ముందు చెప్పి, వాళ్ల నోట్లో బొక్క లేదని చూసుకున్నాకే మిగతా చరిత్ర ఎత్తుకుంటాను.