కొత్తదేదీ వద్దన్నాను

2012లో నా పనంతా చిన్నపిల్లల మెదడు మీదే. ఆటిజం ఉన్న పిల్లలను ఇంట్లో రోజూ ఆడిస్తే వాళ్ల మెదడు ఎంతవరకు మారుతుందో తెలుసుకోవాలి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి తల్లులకూ అవ్వలకూ ఒకటే పాట పాడేదాన్ని: ఈ వయసులో మెదడు మెత్తగా ఉంటుంది, ఎలా మలిస్తే అలా మారుతుంది, ఆలస్యం చేయకండి. నా మాట మీద నాకు భలే గురి.

నెల తర్వాత చీట్లు తీశాం. సగం మందికి ఆడించే శిక్షణ వెంటనే, మిగతా సగానికి ఆరు నెలలయ్యాక. తేడా తెలియాలంటే అదే పద్ధతి. శామీర్‌పేట దగ్గర ఒకింట్లో మూడున్నరేళ్ల పాప రెండో సగంలో పడింది. తల్లి కండ్లకోయలో కాలేజీ క్యాంటీన్‌లో పనికి పోయేది, పాపను చూసుకునేది అవ్వే. "ఆరు నెలల దాకా ఇంట్లో కొత్తగా ఏమీ చేయకండి" అని అవ్వకు గట్టిగా చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చాను.

నాలుగో నెలలో చూడటానికి వెళ్లాను. పాపను పేరు పెట్టి పదిసార్లు పిలిచాను. ఒక్కసారీ తిరగలేదు. చీట్లకు ముందు మొదటిసారి పిలిచినప్పుడు కూడా అంతే. ఫారంలో మళ్లీ సున్నా వేసుకున్నాను. అవ్వ పక్కనే కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది.

"నడుమ ఓ నెల బాగనే సూసింది మేడం," అంది. "మీరు మొదాలొచ్చి చెప్పిపోయినంక నేనే ఓ ఆట వెట్టిన. పిడికిట్ల పల్లీ వట్టుకొని, నా మొకం దిక్కు సూస్తెనే ఇస్తుంటి. సూసుడు షురూ జేసింది. రెండుసార్లు నవ్వింది గూడ."

"మరి ఎందుకు ఆపారు అవ్వా?"

"మీరే అంటిరి గదా, కొత్తది ఏం జెయ్యొద్దని. గది కొత్తదే గదా. ఆపిన."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నాకు ఏడుపు రావాలి. రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. అలా మొద్దుబారిన బుర్రతోనే ఆలోచించాను: పాప ఆ ఆట ఆడితే రెండు గుంపుల మధ్య తేడా చెడిపోతుంది, ఆడకపోతే నా గ్రాఫు చక్కగా వస్తుంది. ఆలస్యం చేయకండని ఊరూరా చెప్పిన మనిషిని నేనే.

"ఇగ ఆడియ్యొచ్చా మేడం?" అని అడిగింది అవ్వ.

"ఇంకో రెండు నెలలు ఆగండి" అన్నాను.

"సరే మేడం. మీకెర్క గదా" అంది.